సార్జెంట్ ఎవరి మాట వినాలి?

ఈమధ్య హైదరాబాద్ నుంచి వచ్చి క్వీన్స్‌లాండ్‌లో ఒక చిన్న ఊళ్ళో ఉద్యోగంలో చేరిన కుర్రాడొకడు ఫోన్ చేశాడు. ఇల్లు దొరికిందిట, పాత కారొకటి కొన్నాడుట, మన సరుకుల కోసమే రెండొందల కిలోమీటర్లు పోవాల్సి వస్తోందిట. అన్నీ చెప్పి చివర్లో అడిగాడు. "అన్నా, ఇక్కడ ఎస్సై ఎవరి మాట వింటాడు?"

మొదట నవ్వొచ్చింది. తర్వాత ఆలోచిస్తే, ఈ దేశంలో పోలీసుల గురించి ఇంతకంటే సూటి ప్రశ్న నేను ఈ ఇరవై ఏళ్ళలో వినలేదు. మన ఊళ్ళో దీనికి జవాబు బడిపిల్లాడు కూడా చెప్తాడు. ఎస్సై ఎమ్మెల్యే మాట వింటాడు. ఎమ్మెల్యే లెటర్ ఇస్తే స్టేషన్‌కి వస్తాడు, ఇంకొకడికి లెటర్ ఇస్తే లూప్‌లైన్‌కి పోతాడు. మరి ఇక్కడ?

అమెరికా సినిమాలు చూసి మనవాళ్ళు చాలామంది ఆస్ట్రేలియాలో కూడా ఊరికొక పోలీస్ చీఫ్ ఉంటాడని, మేయర్ వేస్తాడని, షెరీఫ్‌కి ఎన్నికలు జరుగుతాయని అనుకుంటారు. అవేవీ లేవు. రాష్ట్రం మొత్తానికి ఒకటే పోలీసు శాఖ, దానికొక కమిషనర్. బ్రిస్బేన్‌లో కూర్చున్న ఆ కమిషనర్ కింద, వెయ్యి పదిహేనువందల కిలోమీటర్ల అవతల ఏదో ఊళ్ళో స్టేషన్ ఇన్‌ఛార్జి ఉంటాడు. ఊరు కాస్త పెద్దదైతే సీనియర్ సార్జెంట్, చిన్నదైతే సార్జెంట్, మరీ చిన్నదైతే ఒంటరిగా ఒక సీనియర్ కానిస్టేబుల్. ఆఫీసర్ ఇన్ ఛార్జ్ అంటారు. ఊరి కౌన్సిల్ అతన్ని వెయ్యలేదు, తియ్యలేదు, అతని బడ్జెట్‌లో ఒక్క డాలరు కోయలేదు. ఆ ఊరికి పోలీస్ చీఫ్ అంటూ ఎవరైనా ఉన్నారంటే అతనే, కానీ అతను ఆ ఊరి మనిషి కాదు.

ఇది మనకి కొత్త ఏర్పాటేమీ కాదు. మన పోలీసు, వీళ్ళ పోలీసు ఒక తల్లి పిల్లలే. లండన్‌లో పోలీసుని పెట్టింది ఊరికి కాపలా కాయడానికి. ఐర్లండ్‌లో పెట్టింది ప్రభుత్వానికి కాపలా కాయడానికి. తెల్లదొరలు వలస దేశాలకి పంపినది ఎక్కువగా ఆ ఐర్లండ్ నమూనానే. విక్టోరియా పోలీసు 1853లో, న్యూ సౌత్ వేల్స్ పోలీసు 1862లో, క్వీన్స్‌లాండ్ పోలీసు 1864లో వచ్చాయి. సరిగ్గా ఆ కాలంలోనే 1859లో మద్రాసు జిల్లా పోలీసు చట్టం, 1861లో భారత పోలీసు చట్టం వచ్చాయి. ఆ 1859 చట్టమే తర్వాత పేరు మార్చుకుని, స్వతంత్రం వచ్చాక కూడా ఆంధ్ర ప్రాంతంలో నడుస్తూ వచ్చిందని మనలో ఎంతమందికి తెలుసు?

అయితే స్టేషన్ ఇన్‌ఛార్జి ఊళ్ళో ఎవరి మాటా వినక్కర్లేకపోవడం అనేది మంచి విషయమే. దీని విలువ క్వీన్స్‌లాండ్ వాళ్ళు చేతులు కాల్చుకుని తెలుసుకున్నారు. 1970లలో చార్ల్‌విల్ అనే పడమటి ఊళ్ళో టెర్రీ లూయిస్ అని ఒక పోలీస్ ఇన్‌స్పెక్టర్ ఉండేవాడు. అప్పటి ప్రీమియర్ జో బ్యెల్కీ-పీటర్సన్ కంట్లో పడ్డాడు. 1976లో వందమందికి పైగా సీనియర్లని దాటించి అతన్ని అసిస్టెంట్ కమిషనర్ని చేశారు. ఇది చూసి అప్పటి కమిషనర్ రే విట్‌రాడ్ రాజీనామా చేసి వెళ్ళిపోయాడు, ఆ కుర్చీలో లూయిస్‌ కూర్చున్నాడు. పదేళ్ళ పాటు వ్యభిచార గృహాల నుంచి, జూదశాలల నుంచి మామూళ్ళు పైదాకా వెళ్ళాయి. 1987లో మొదలైన ఫిట్జెరాల్డ్ విచారణ ఆ పుట్టనంతా తవ్వితే ముగ్గురు మంత్రులో నలుగురో కాదు, ఒక ప్రభుత్వమే కూలిపోయింది. 1991లో లూయిస్‌కి పద్నాలుగేళ్ళ జైలు పడింది. చిన్న ఊరి పోలీసు అధికారి రాజకీయ నాయకుడి మాట వింటే ఏమవుతుందో చెప్పడానికి మనం గుంటూరో వరంగలో పోనక్కర్లేదు.

అందుకే ఇవాళ ఇక్కడ ఎంపీ ఫోన్ చేసి ఫలానా కేసు వదిలెయ్యమని సార్జెంట్‌కి చెప్పడం చాలా అరుదు. తాగి బండి నడిపిన కౌన్సిలర్‌కి కూడా పరీక్ష గొట్టం నోట్లో పెడతారు. ఇది చూసి మనం ముచ్చటపడతాం, పడాల్సిందే.

ఆ సార్జెంట్ చేసే పనులు చూస్తే గౌరవం కూడా కలుగుతుంది. స్టేషన్ పక్కనే ప్రభుత్వం ఇచ్చిన ఇంట్లో పెళ్ళాం పిల్లలతో ఉంటాడు. డ్యూటీ దిగాడన్న మాట పేరుకే, రాత్రి రెండింటికి తలుపు కొడితే లేవాలి. హైవే మీద కారు కంగారూని గుద్ది బోల్తా పడితే మొదట చేరేది అతనే. పొలంలో తుపాకితో ప్రాణం తీసుకున్న రైతు ఇంటికి వెళ్ళేది, ఆ భార్యకి ఆ మాట చెప్పేది అతనే. తుపాకి లైసెన్సులు, ఇంట్లో కొట్టే మొగుళ్ళ మీద కోర్టు ఉత్తర్వులు, తప్పిపోయిన ముసలివాళ్ళు, వరదొస్తే రోడ్డు మూత. క్వీన్స్‌లాండ్ లోతట్టు ఊళ్ళలో కారు రిజిస్ట్రేషన్, డ్రైవింగ్ లైసెన్స్ పని కూడా చాలాచోట్ల స్టేషన్ కౌంటర్ దగ్గరే అవుతుంది. శనివారం పొద్దున్న పిల్లల ఫుట్‌బాల్‌కి అంపైర్ కూడా అతనే కావచ్చు. నిన్న జరిమానా వేసినవాడి దగ్గరే ఇవాళ రొట్టె కొనుక్కోవాలి. ఇందులో సగం పనులకి చట్టంలో సెక్షన్ ఉండదు. ఎవరిని పట్టుకోవాలో కాదు, ఎవరిని మందలించి ఇంటికి పంపాలో తెలియడమే ఈ ఉద్యోగంలో పెద్ద విద్య.

ఈ చిత్రానికి రెండో వైపు ఉంది. ఊళ్ళో ఎవరి మాటా వినక్కర్లేనివాడు, ఊళ్ళో నోరున్నవాళ్ళతో ఎలాగూ మర్యాదగానే ఉంటాడు. వాళ్ళకి లాయర్ తెలుసు, పత్రిక తెలుసు, ఎంపీ ఆఫీసు తెలుసు. నోరు లేనివాళ్ళ సంగతేమిటి? ఈ దేశంలో నోరు లేకుండా చెయ్యబడ్డవాళ్ళు అబొరిజినల్ ప్రజలు, మన మాటలో ఆదివాసులు. వాళ్ళకి చిన్న ఊరి పోలీసు ఎప్పుడూ పోలీసు మాత్రమే కాదు. 1897లో క్వీన్స్‌లాండ్ చేసిన చట్టం ప్రకారం స్థానిక పోలీసు అధికారే ఆదివాసుల 'సంరక్షకుడు'. ఎక్కడ పనిచెయ్యాలో అతనే చెప్తాడు, జీతం అతని చేతికే వస్తుంది, పెళ్ళికి అతని అనుమతి కావాలి, పిల్లల్ని పంపించెయ్యాలా వద్దా అన్నదాంట్లో కూడా అతని మాట చెల్లుతుంది. అలా మింగేసిన కూలి డబ్బుల కోసం వేసిన దావాలో క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం 19 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకున్నది ఎప్పుడనుకున్నారు? 2019లో.

నార్తర్న్ టెరిటరీలో బారో క్రీక్ అని ఒక చిన్న స్టేషన్. 1928లో దాని ఇన్‌ఛార్జి జార్జ్ మర్రీ అనే గుర్రపు కానిస్టేబుల్. ఆ ప్రాంత ఆదివాసుల సంరక్షకుడు కూడా అతనే. ఆ ఆగస్టులో కొనిస్టన్ దగ్గర ఒక తెల్ల వేటగాణ్ణి ఎవరో చంపారు. మర్రీ గుర్రాలేసుకుని బయల్దేరి వారాల తరబడి కనిపించిన ఆదివాసుల్ని కాల్చుకుంటూ పోయాడు. సర్కారు లెక్క 31 మంది, ఆ జనం చెప్పే లెక్క అంతకి ఎన్నో రెట్లు. విచారణ బోర్డు వేశారు, కాల్పులు సబబేనని తేల్చారు. టెరిటరీ పోలీసులు బహిరంగంగా క్షమాపణ చెప్పడానికి 90 ఏళ్ళు పట్టింది. సంరక్షకుడూ అతనే, తుపాకీ అతనిదే!

"అదంతా పాతకథ కదండీ" అనే పెద్దమనుషులు మనలో చాలామంది ఉన్నారు. వాళ్ళ కోసమే పామ్ ఐలాండ్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి.

నేను టౌన్స్‌విల్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో మనవాళ్ళ వనభోజనాలకి సముద్రం ఒడ్డునే కూర్చునేవాళ్ళం. అక్కణ్ణించి అరవై అయిదు కిలోమీటర్ల దూరంలో ఉంటుంది పామ్ ఐలాండ్. 1914లో ప్రభుత్వం దాన్ని ఆదివాసుల కోసం కేటాయించింది. కేటాయించడం అంటే, మాట వినని వాళ్ళని రాష్ట్రం నలుమూలల నుంచి తెచ్చి అక్కడ పడేయడం. సూపరింటెండెంట్ చెప్పిందే శాసనం. 1957లో కూలీ కోసం, తిండి కోసం సమ్మె చేస్తే నాయకుల కుటుంబాలని ద్వీపం నుంచి వెళ్ళగొట్టారు. మా వనభోజనాల్లో గ్రేట్ బారియర్ రీఫ్ గురించి, ఇళ్ళ ధరల గురించి గంటలు గంటలు మాట్లాడుకున్నాం. ఆ ద్వీపం పేరు ఒక్కసారి కూడా రాలేదు.

2004 నవంబర్ 19, శుక్రవారం. పామ్ ఐలాండ్ స్టేషన్ ఇన్‌ఛార్జి సీనియర్ సార్జెంట్ క్రిస్ హర్లీ. నిలువెత్తు మనిషి. ఆదివాసీ ఊళ్ళలోనే ఎక్కువ సర్వీసు చేసినవాడు, పిల్లలకి ఆటలు నేర్పించినవాడు, మంచి పేరున్నవాడు. ఆ పొద్దున్న కూడా అతను చేస్తున్నది మంచి పనే. మొగుడి చేతిలో దెబ్బలు తిన్న ఒక స్త్రీ మందులు తెచ్చుకోవడానికి భయపడుతుంటే తోడు వెళ్ళాడు. ఆ దారిన నడిచి వెళ్తున్న 36 ఏళ్ళ మనిషొకడు, తాగి ఉన్నాడు, అక్కడున్న ఆదివాసీ పోలీసు సహాయకుణ్ణి ఏదో అన్నాడు. బహిరంగ ప్రదేశంలో అల్లరి చేశాడని హర్లీ అతన్ని అరెస్టు చేసి వ్యాన్ ఎక్కించాడు. గంట తిరక్కుండా ఆ మనిషి సెల్‌లో శవమయ్యాడు. నాలుగు పక్కటెముకలు విరిగాయి, కాలేయం దాదాపు రెండు ముక్కలైంది. చనిపోయినవాళ్ళ పేరు పలకకూడదన్నది వాళ్ళ ఆచారం కాబట్టి ముల్రుంజి అన్న పేరుతోనే లోకం అతన్ని ఎరుగును.

అసలు కథ ఇక్కణ్ణించే. 1987 నుంచి 1991 దాకా రాయల్ కమిషన్ ఒకటి 99 కస్టడీ మరణాలని పరిశీలించి 339 సిఫార్సులు చేసింది. అరెస్టు అనేది ఆఖరి మార్గం కావాలన్నది అందులో ఒకటి. చావు జరిగితే దర్యాప్తు చేసేవాళ్ళు ఆ స్టేషన్‌తో సంబంధం లేనివాళ్ళు అయ్యుండాలన్నది ఇంకొకటి. పామ్ ఐలాండ్‌కి టౌన్స్‌విల్ నుంచి వచ్చిన డిటెక్టివ్‌లలో హర్లీ స్నేహితుడున్నాడు. వాళ్ళని విమానాశ్రయం నుంచి తీసుకొచ్చింది హర్లీ. ఆ రాత్రి వాళ్ళు భోంచేసింది హర్లీ ఇంట్లో. ఇంటివాళ్ళకి చావు కబురు చెప్పింది మాత్రం ఎన్నో గంటల తర్వాత. వారం తిరిగాక, నవంబర్ 26న, శవపరీక్షలో తేలిందేమిటో జనానికి చదివి వినిపించారు. ఊరు మండిపోయింది. స్టేషన్, కోర్టు, పోలీసుల ఇళ్ళు తగలబెట్టారు. ప్రభుత్వం అత్యవసర పరిస్థితి ప్రకటించి, ముసుగులేసుకుని తుపాకులు పట్టుకున్న ప్రత్యేక దళాన్ని దింపింది. తెల్లవారకముందే తలుపులు బద్దలుకొట్టి పిల్లల ముందు పెద్దల్ని నేలమీద బోర్లా పడుకోబెట్టారు.

2006లో డిప్యూటీ కరోనర్ క్రిస్టీన్ క్లెమెంట్స్ ఆ చావుకి హర్లీయే కారణమని తేల్చింది. ప్రాసిక్యూషన్ డైరెక్టర్ కేసు పెట్టనంది. జనం గోల చేస్తే సర్ లారెన్స్ స్ట్రీట్ చేత మళ్ళీ పరిశీలింపజేసి కేసు పెట్టారు. 2007 జూన్‌లో టౌన్స్‌విల్ జ్యూరీ నిర్దోషి అంది. కోర్టు నిర్దోషి అన్నాక నేను వేరే మాట అనను. తర్వాత 2010లో జరిగిన మరో కరోనర్ విచారణ కూడా ఆ దెబ్బ కావాలని కొట్టిందో పడిపోతే తగిలిందో చెప్పలేమంది. కాని అల్లర్లకి నాయకుడని లెక్స్ వాటన్‌కి 2008లో ఆరేళ్ళ శిక్ష పడింది. స్టేషన్ తగలబడినందుకు శిక్ష పడింది, స్టేషన్‌లో మనిషి చచ్చినందుకు ఎవరికీ పడలేదు.

ఆ వాటన్ జైలు నుంచి వచ్చి ఊరుకోలేదు. 1975 నాటి జాతి వివక్ష నిరోధక చట్టం కింద ఫెడరల్ కోర్టుకెక్కాడు. 2016 డిసెంబర్‌లో జస్టిస్ డెబ్రా మోర్టిమర్ తీర్పిచ్చింది. ఆ తీర్పు చదివితే చిన్న ఊరి పోలీసు అధికారి ఏం చెయ్యాలో ఏం చెయ్యకూడదో పాఠ్యపుస్తకంలా ఉంటుంది. అనుమానితుడిగా చూడాల్సిన అధికారిని సాటి ఉద్యోగిగా చూశారని, వెంటనే సస్పెండ్ చెయ్యలేదని, ఆ వారం రోజులూ ఊరిజనంతో కూర్చుని మాట్లాడలేదని, ఇళ్ళమీద పడ్డ తీరు అవసరానికి మించిందని, ఇదే తెల్లవాళ్ళ ఊరైతే ఇలా చేసేవారు కాదని ఆమె తేల్చింది. 2018లో ప్రభుత్వం 3 కోట్ల డాలర్లకి రాజీపడి క్షమాపణ చెప్పింది. గమనించండి, ఇందులో కోర్టు తప్పుబట్టింది ఎక్కువగా మరణం తర్వాత జరిగినదాన్ని. ఆ ఒక్క ఉదయం కంటే ఆ తర్వాతి వారం రోజులు వ్యవస్థని ఎక్కువగా బయటపెట్టాయి.

ఇక రెండోది, దీనికి తలకిందులుగా ఉండే కథ. ఆలిస్ స్ప్రింగ్స్‌కి వాయవ్యంగా మూడొందల కిలోమీటర్ల దూరంలో యుండుము అనే ఊరు. కొనిస్టన్‌లో తాతముత్తాతల్ని పోగొట్టుకున్న వార్ల్పిరి ప్రజల ఊరు. 2019లో అక్కడ స్టేషన్ ఇన్‌ఛార్జి జూలీ ఫ్రాస్ట్ అనే సార్జెంట్. నవంబర్ 6న ఇద్దరు స్థానిక పోలీసులు ఒక పందొమ్మిదేళ్ళ కుర్రాణ్ణి పట్టుకోబోతే గొడ్డలి ఎత్తి పారిపోయాడు. వాళ్ళు తుపాకీ పేల్చలేదు. ఆ కుర్రాడెవరో, ఎవరి మనవడో, ఎక్కడ దాక్కుంటాడో వాళ్ళకి తెలుసు. ఊళ్ళో పెద్ద మనిషి అంత్యక్రియలు ఉన్నాయి, అవయ్యాక లొంగిపోతాడని ఇంటివాళ్ళతో మాట కూడా నడిచింది. తన సిబ్బంది అలసిపోయారు, సాయం పంపండని ఆ సార్జెంట్ అడిగింది. తొమ్మిదో తేదీన ఆలిస్ స్ప్రింగ్స్ నుంచి ఆయుధాలతో ఒక దళం వచ్చింది. మర్నాడు తెల్లవారుజామున అయిదు గంటలకి, ఊరు తెలిసిన స్థానిక అధికారిని వెంటబెట్టుకుని అరెస్టు చెయ్యాలన్నది ఆమె వేసిన ప్రణాళిక. ముందే తారసపడితే పట్టుకోవచ్చన్న మాట కూడా సాక్ష్యంలో వచ్చింది, అది దాచక్కర్లేదు. దళం ఆ సాయంత్రమే ఇళ్ళు వెతకడం మొదలుపెట్టింది. కుర్రాడు ఎదురుపడ్డ నిమిషం లోపల అంతా అయిపోయింది. అతను కత్తెరతో కానిస్టేబుల్ జాకరీ రోల్ఫ్ భుజం మీద పొడిచాడు, రోల్ఫ్ మూడుసార్లు కాల్చాడు. ఆ రోజే భద్రత లేదని ఊళ్ళో నర్సులు ఖాళీ చేసి వెళ్ళారు. కుర్రాడు స్టేషన్‌లోనే ప్రాణం వదిలాడు. ఇప్పుడు అతన్ని కుమంజయి వాకర్ అంటున్నారు. కుమంజయి అనేది చనిపోయినవాళ్ళ పేరు బదులు వాడే మాట.

రోల్ఫ్ మీద హత్య కేసు పెట్టారు, 2022 మార్చిలో డార్విన్ జ్యూరీ నిర్దోషి అంది. 2025 జూలై 7న కరోనర్ ఎలిజబెత్ ఆర్మిటేజ్ యుండుముకే వెళ్ళి తన నివేదిక వినిపించింది. రోల్ఫ్ జాతి వివక్ష ఉన్న మనిషని, అతను పనిచేసిన సంస్థలో కూడా ఆ లక్షణాలున్నాయని చెప్పింది. టీవీలో, పేపర్లలో అదే వచ్చింది. నాకు మాత్రం మూడు రోజుల ముందటి ఆ గొడ్డలి కళ్ళ ముందు ఆడుతోంది. ఊళ్ళో ఉన్న పోలీసుకి గొడ్డలి ఎదురైతే మనిషి బతికాడు. బయటి నుంచి వచ్చిన పోలీసుకి కత్తెర ఎదురైతే చచ్చాడు. పామ్ ఐలాండ్‌లో స్టేషన్ ఇన్‌ఛార్జిని అతని శాఖ కావాల్సిన దానికంటే ఎక్కువ నమ్మింది. యుండుములో స్టేషన్ ఇన్‌ఛార్జికి ఊరి గురించి తెలిసిన దాన్ని ఆమె శాఖే లెక్కచెయ్యలేదు. రెండు చోట్లా ఊరి మాటకి విలువ సున్నా.

దీనికి మనకేం సంబంధం అంటారా? 1978లో హైదరాబాద్ నల్లకుంట స్టేషన్ గుర్తు చేసుకోండి. రమీజాబీ మీద అత్యాచారం, ఆమె భర్త చావు, ఊరంతా అల్లర్లు, ముక్తదర్ కమిషన్, చివరికి పక్క రాష్ట్రంలో రాయచూరు కోర్టులో పోలీసులు నిర్దోషులుగా బయటపడటం. పేర్లు, ఊళ్ళు మారిస్తే పామ్ ఐలాండ్ కథే కదా! 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు స్టేషన్ అధికారికి కనీసం రెండేళ్ళు కుర్చీ ఉండాలని, పోలీసు మీద ఫిర్యాదులకి జిల్లాకొక అథారిటీ ఉండాలని చెప్పింది. మన నాయకులు దాన్ని ఎంత శ్రద్ధగా అటకెక్కించారో అందరికీ తెలుసు. అక్కడ కూర్చుని ఇదంతా చూసినవాళ్ళం, ఇక్కడికొచ్చి పోలీసు అంటే ట్రాఫిక్ ఫైన్ తప్ప ఇంకేమీ గుర్తురానట్టు ఉండటం నాకు వింతగా ఉంటుంది.

మనకి నోరు లేదనుకోకండి. 2009 మే నెలలో మెల్బోర్న్‌లో ఒక తెలుగు విద్యార్థిని స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే, 31వ తేదీన రాయల్ మెల్బోర్న్ హాస్పిటల్ దగ్గర్నించి వేలమంది నడిచారు, ఫ్లిండర్స్ స్ట్రీట్‌ కూడలిలో రాత్రంతా కూర్చున్నారు. ఢిల్లీలో ప్రధానమంత్రి మాట్లాడారు, కాన్‌బెర్రాలో ప్రధానమంత్రి జవాబు చెప్పారు. అంతకుముందు మన పిల్లలకి రైళ్ళలో మీ భాషలో గట్టిగా మాట్లాడకండని సలహా ఇచ్చిన పోలీసులే ఆ తర్వాత మన సంఘాల మీటింగులకి నోట్‌బుక్కులు పట్టుకుని వచ్చారు. ఆనాడు మనం పోలీసు చేత మాట వినిపించుకున్నాం. మన వెనక ఒక దేశం ఉంది కాబట్టి విన్నారు. పామ్ ఐలాండ్ వాళ్ళ వెనక ఏ ఢిల్లీ ఉంది?

2019 నవంబర్ నుంచి వచ్చిన రీజినల్ వీసాల పుణ్యమా అని మనవాళ్ళు ఇప్పుడు చిన్న ఊళ్ళకి కూడా చేరుతున్నారు. అడిలైడ్, పెర్త్ కూడా ఆ లెక్కలో రీజినలే, ఆ తమాషా అలా ఉంచండి. నర్సులు, డాక్టర్లు, ట్రక్కు డ్రైవర్లు, పెట్రోల్ బంకుల్లో రాత్రి షిఫ్టులు చేసే పిల్లలు. అక్కడ పది కుటుంబాలు కలిస్తే ఉగాది చేస్తారు, సార్జెంట్‌ని పిలుస్తారు, శాలువా కప్పుతారు, పులిహోర పెడతారు, ఫోటో ఫేస్‌బుక్‌లో పెడతారు. తప్పు లేదు, పిలవండి. కాని పులిహోర తిన్నాక ఆయన్ని రెండు మాటలు అడగండి. మీ సెల్‌లో తాగినవాణ్ణి పడుకోబెడితే ఎంతసేపటికొకసారి చూస్తారు? ఇంటివాళ్ళకి ఎప్పుడు చెప్తారు? ఊళ్ళో ఆదివాసీ పెద్దలతో ఆఖరిసారి ఎప్పుడు కూర్చున్నారు? మంచి సార్జెంట్ ఈ ప్రశ్నలకి కోప్పడడు.

అడిగితే ఫలితం ఉంటుందా అంటే, న్యూ సౌత్ వేల్స్‌లో బర్క్ అనే మారుమూల ఊరు చూడండి. ఒకప్పుడు నేరాల్లో పేరుమోసిన ఊరు. 2013 నుంచి అక్కడి ఆదివాసులే మరంగుకా అని ఒక కార్యక్రమం మొదలుపెట్టారు. రాత్రి ఎక్కడేం జరిగింది, ఏ పిల్లాడు రోడ్డు మీద ఉన్నాడు, ఏ ఇంటికి ఎవరు వెళ్ళాలి అన్నది పోలీసులు వాళ్ళతో కలిసి పొద్దున్నే మాట్లాడుకుంటారు. 2018లో కేపీఎంజీ సంస్థ లెక్కలు తీస్తే ఒక్క ఏడాదిలో గృహహింస ఘటనలు 23 శాతం, పిల్లల మీద పెట్టే అయిదు ముఖ్యమైన రకాల కేసులు 38 శాతం తగ్గాయి. కొత్త చట్టం రాలేదు, కొత్త తుపాకులు రాలేదు.

ఇంకొక ఊరి పేరు కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది ఆదివాసుల గొడవ మాత్రమే అనుకునేవాళ్ళు మళ్ళీ చెయ్యెత్తుతారు. న్యూ సౌత్ వేల్స్‌లోనే కూమా. 2023 మే నెలలో అక్కడి వృద్ధాశ్రమంలో 95 ఏళ్ళ క్లేర్ నౌలాండ్ అనే తెల్ల ముసలమ్మ, మతిమరుపు జబ్బుతో ఉన్న మనిషి, వంటింటి కత్తి పట్టుకుని నడక ఫ్రేమ్ ఆనుకుని నిలబడితే పోలీసు ఆమె మీద టేజర్ పేల్చాడు. ఆమె పడి తలకి దెబ్బ తగిలి చనిపోయింది. పోలీసుల మొదటి పత్రికా ప్రకటనలో టేజర్ మాటే లేదు. ఆ పోలీసు మీద నరహత్య నేరం 2024 నవంబర్‌లో రుజువైంది, మరుసటేడు జైలు లేకుండా శిక్ష వేశారు. 1991 తర్వాత కస్టడీలో పోయిన ఆదివాసుల లెక్క 600 దాటింది.

క్వీన్స్‌లాండ్‌లో పోలీసు మీద ఫిర్యాదు ఉంటే క్రైమ్ అండ్ కరప్షన్ కమిషన్‌కి రాయొచ్చు, విక్టోరియాలో ఐబ్యాక్‌కి, న్యూ సౌత్ వేల్స్‌లో లెక్‌కి రాయొచ్చు. కాని వీటికొచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం విచారణ కోసం తిరిగి పోలీసు శాఖకే పోతాయి. అంటే పామ్ ఐలాండ్‌లో భోజనానికి కూర్చున్న పద్ధతే, కాస్త మర్యాదగా. 2022లో క్వీన్స్‌లాండ్‌లో జడ్జి డెబొరా రిచర్డ్స్ కమిషన్ ఈ పద్ధతి మార్చి, పోలీసు శాఖకి బయట ఉండే వాళ్ళతో ఒక విభాగం పెట్టమని చెప్పింది. మీ ఎంపీ ఈసారి దీపావళి స్టేజి ఎక్కినప్పుడు ఆ సిఫార్సు ఏమైందని మైకులో అడగండి. మీకే ఏదైనా జరిగి ఫిర్యాదు రాయాల్సి వస్తే తేదీ, టైము, పోలీసు చొక్కా మీది నెంబరు రాసిపెట్టుకోండి, వాళ్ళ ఛాతీ మీది కెమెరా రికార్డింగ్ చెరిపెయ్యకుండా ఉంచమని మొదటి ఉత్తరంలోనే అడగండి.